అవ్వ బల్ల, బాపు బంతి

మా అవ్వ ఎర్రజెండా మీటింగులో "ఆమేన్" అంది. నోట్లో గొణుక్కోవడం కాదు, ప్రార్థన గుడిసెలో అన్నట్టే కళ్లు మూసుకుని గట్టిగా అంది. అది బొగ్గుబావి కార్మికుల యూనియన్ మీటింగు. పైనుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, చేతనైనంత అందరూ కష్టపడాలి, కావలసినంత అందరూ తీసుకోవాలి, నాది నీది అనే మాటే ఉండకూడదు అని చెప్తున్నాడు. అవ్వకు, అంటే మా అమ్మకు, అది ఎరిగిన సంగతే. తొలినాటి విశ్వాసులు ఉన్న పొలాలు అమ్మి తెచ్చి అపొస్తలుల ముందు పెట్టారని, ఎవరికెంత అక్కరో అంత పంచుకున్నారని ఆమె ఎన్నో ఆదివారాలు విన్నది. ఈయన కూడా వాక్యమే చెప్తున్నాడనుకుంది. వాక్యం అయ్యాక ఆమేన్ అనకుండా ఎట్లా ఉంటుంది?

మీటింగంతా ఘొల్లున నవ్వింది. బాపు, మా నాన్న, తువ్వాల తీసి మొహం మీద వేసుకున్నాడు. మర్నాటి నుంచి బావిలో ఆయన తోటివాళ్లు ఆయన్ను "ఆమేనన్నా" అని పిలవడం మొదలుపెట్టారు.

"ఏందే, నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తివి?" అన్నాడు ఇంటికొచ్చి.

"నేనేం తప్పన్న బావా? మా అయ్యగారు చెప్పేదే గాయన చెప్పిండు. ప్రభువు పేరు చెప్పుడు మరిచిండు, గంతే."

అవ్వ బాపుకు మేనమామ బిడ్డ. కరీంనగర్ దిక్కు ఊళ్లో మా వాడలో సగం ఇళ్లు బాప్తిస్మం తీసుకున్నాయి, సగం తీసుకోలేదు. మేనరికాలు మాత్రం ఆగలేదు. అవ్వ చిన్నప్పుడు కరీంనగర్‌లో మిషను బడి హాస్టల్లో ఉండి నాలుగు అక్షరాలు నేర్చుకుంది. బాపు ఆ వయసులోనే దొర గడీ ముందు ఎర్రజెండా సంగపోళ్ల వెంట తిరిగాడు. గడీ కొట్లలో ధాన్యం ఊరికి పంచిన రోజు ఆయన జీవితంలో పండుగ. నిజాం పోయి మిలటరీ దిగాక ఆ పండుగకు లెక్క చెప్పాల్సి వచ్చింది. గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లాలోకి వచ్చి బొగ్గుబావిలో దిగాడు. "బాయిల దిగితె కన్నతల్లి గూడ మొకం గుర్తువట్టదు. పోలీసోడేం వడ్తడు?" అనేవాడు. దేశం కాస్త చల్లబడ్డాక ఊరికి పోయి అవ్వను చేసుకుని తీసుకొచ్చాడు. ఆ పెళ్లికి పాస్టరు అయ్యగారు గొణుక్కుంటూనే ప్రార్థన చేశారట. పార్టీవాళ్లు గొణుక్కుంటూనే భోజనం చేశారట.

నేను పుట్టి పెరిగింది ఆ బావి పక్కన వరుస గుడిసెల్లో. మా ఇంట్లో అన్నంతో పాటు రోజూ నంజుకునే అంచు ఆ వాదనే. తొలి విశ్వాసులు, ఎర్రజెండావాళ్లు ఒకటేనా కాదా?

"మీ పాతోళ్లంత మావోళ్లేనే. ఎన్కకెల్లి మీకు దొరలు దొరికిండ్రు, గద్దెలు దొరికినయి, ఖరాబైండ్రు" అనేవాడు బాపు.

"వాళ్లు తెచ్చి పెట్టిండ్రు. మీరు గుంజుకొచ్చి పెడ్తరు. గదీ ఫరక్."

"దొర తెచ్చి పెడ్తడని కూసుంటె మనం మట్టిలకు పోతం."

ఆయనకు వాక్యంలో బాగా నచ్చిన కథ ఒకటే. పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని అంతా తెచ్చామని చెప్పిన మొగుడూ పెళ్లాలు నిలుచున్నచోటే కూలిపోయి చచ్చిపోవడం. అది అవ్వతో మళ్లీ మళ్లీ చదివించుకునేవాడు. "సూసినవా, దాసుకున్నోడు సచ్చిండు! మా పార్టీ గూడ గింత కఠినంగ లేదే" అని తొడ చరుచుకునేవాడు. అవ్వకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చేవి. నవ్వే గెలిచేది.

మా ప్రార్థన గుడిసె సంఘపు ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. ఎసట్లో పోసే ముందు బియ్యమైనా జొన్నలైనా ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేసేవాళ్లు. ఆదివారం ఆ ముంతలన్నీ ప్రార్థన గుడిసెలోని పెద్ద కుండలో పడేవి. అది దేవుని పిడికెడు. అందులోంచి అయ్యగారి ఇంటికి కొంత, దిక్కులేని ముసలివాళ్లకు కొంత పోయేది. ఆ కుండ చూసుకునేది మా అవ్వ. నెల మొదటి ఆదివారం సంఘమంతా ప్రభువును తలచుకుని కలిసి తినే ప్రభువు బల్ల కోసం రొట్టె కాల్చేది, ఎండు ద్రాక్ష నానబెట్టి పిసికి రసం తీసేది కూడా ఆమే. ఆ రోజు పొద్దున మా గుడిసెంతా ఆ తీపి వాసన ఉండేది. బల్లలో చేరని పిల్లను కాబట్టి నాకు గింజ కూడా పెట్టేది కాదు. నాకు మహా మంటగా ఉండేది.

ఆ యేడు బావుల్లో సమ్మె వచ్చింది. సమ్మె సాగే కొద్దీ పొయ్యిలు ఆరిపోయాయి. యూనియన్‌వాళ్లు వాడలు తిరిగి ఆడవాళ్లను పిడికెడు గింజలు అడిగారు. మా వరుసలో ఆడవాళ్లు ముఖాలు చూసుకున్నారు. పిడికెడు తీయడం వాళ్లకు అలవాటే, కానీ తీయడానికి ఇంట్లో ఏమీ లేదు. మైదానంలో గంజి కేంద్రం పెట్టి, రెండు పూటలన్నది ఒక పూట చేసి, ఆ పూట కూడా నీళ్లే ఎక్కువ పోస్తున్నారు. ఒక రోజు మరాఠీ కూలీ పెళ్లాం ఒకామె, చంకలో పిల్లతో లైనులో నిలబడి అక్కడే కళ్లు తిరిగి పడిపోయింది. అవ్వ ఆమెను లేపి కూర్చోబెట్టింది. నేరుగా ప్రార్థన గుడిసెకు పోయి పెద్ద కుండ నెత్తిన పెట్టుకుని పట్టపగలు అందరి ముందు నుంచి నడిచొచ్చి గంజి కేంద్రంలో దించింది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆమె అక్కడే వండింది. మోదుగ విస్తర్లు కుట్టుకుని అందరం మైదానంలో బంతి కూర్చునేవాళ్లం. మాలోళ్లు, మాదిగోళ్లు, మరాఠోళ్లు, తురకోళ్లు, పద్మశాలి ఇంటివాళ్లు, అందరం ఒక్క బంతిలో. మామూలు రోజుల్లో ఒకరి బిందె ఒకరు ముట్టని మనుషులు. బాపు బంతి వెంట నడుస్తూ జొన్న గట్క వడ్డిస్తుంటే ఆయన మొహం చూడాలి. అవ్వ గరిటె పట్టుకుని చూస్తూ "గిదేనేమో బావా, అపొస్తలుల కాలం" అనేది. "ఏ కాలమైతేంది, గట్క ఉప్పెక్కింది" అనేవాడు ఆయన. నా చిన్నతనంలో కడుపు నిండని రోజులు అవే. మళ్లీ రావాలని నేను కోరుకునే రోజులు కూడా అవే. ఆ తర్వాత నేను ఎన్నో పెళ్లి భోజనాలు తిన్నాను, ఆ గట్క మాత్రం నాకు మళ్లీ దొరకలేదు.

సమ్మె ముగిసింది. కొంత గెలిచారు, కొంత ఓడారు. ఓడిన లెక్కలో మా అవ్వ కూడా ఉంది.

ప్రార్థన గుడిసె ఉన్న జాగా కంపెనీ ఇచ్చింది. సంఘ పెద్ద ఒకాయన కంపెనీ ఆఫీసులో గుమాస్తా. దేవుని గింజలు సమ్మెవాళ్లకు పోశారని పైవాళ్లకు తెలిస్తే జాగా పోతుందని ఆయనకు భయం. భయం తప్పని నేననను, నలుగురి గుడిసె అది. అయ్యగారు అవ్వను పిలిచి సంఘం ముందు నిలబడి తప్పయిందని ఒక్క మాట అనమన్నారు.

"అడుగకుంట తీసిన అయ్యగారు. గది తప్పే, ఒప్పుకుంట" అంది అవ్వ. "పెట్టుడు తప్పనుమంటె మాత్రం నాకు నోరు రాదు."

"రెండూ ఒకటేనమ్మా."

"కావు అయ్యగారు."

అయ్యగారు చెడ్డమనిషి కాదు. మా ఇంట్లో జ్వరాలప్పుడు రాత్రనక పగలనక వచ్చి కూర్చున్న మనిషి. కానీ సంఘంలో పద్ధతి పద్ధతే. అవ్వకు బల్ల ఆపేశారు. అంటే గుడిసెలోకి రావచ్చు, పాడవచ్చు, వాక్యం వినవచ్చు. రొట్టె, రసం పంచే వేళకు మాత్రం లేచి బయటికి పోవాలి. బల్లలో చేరనివాళ్లు, చిన్నపిల్లలు ఎట్లా పోతారో అట్లా.

బాపు ఊరుకోలేదు. "తప్పయిందని ఒక్క మాట అనరాదె? మేనేజరు ముంగట మేం ఎన్ని అనలే?"

"మేనేజరు ముంగట అబద్ధమాడొచ్చు బావా."

ఆయన తువ్వాల భుజాన వేసుకుని బయటికి పోయాడు.

మొదటి ఆదివారం వచ్చిందంటే అవ్వ ఎప్పటిలాగే పొద్దున ఏమీ తినేది కాదు. తెల్లచీర కట్టేది. అందరికంటే ముందు పోయి చాప పరిచేది. బల్ల పాట ఎత్తుకోగానే చీర సర్దుకుని లేచి, తలవంచుకుని బయటికి వచ్చి వేపచెట్టు కింద కూర్చునేది. తినని రొట్టె కోసం ఉపవాసం ఎందుకే అని నేను అడిగాను. "పిలుస్తరేమో. పిలిచినప్పుడు కడుపుల ఏమన్న ఉంటె మంచిగుండదు" అంది. లోపల పాడుతుంటే బయట ఆమె పెదవులు కదిలేవి. ద్రాక్షరసం వాసన కిటికీలోంచి వచ్చేది. ఆమె అటువైపు మొహం తిప్పి కూర్చునేది. ఆకలైన మనిషి అన్నం వైపు చూడటం నేను సమ్మెలో చూశాను. అవ్వ చూపు అదే, ఇంకా ఎక్కువే.

నాకు పద్నాలుగో యేడు వచ్చాక నన్ను బల్లలో చేర్చారు. తల దువ్వి, పూలు పెట్టి, గుడిసె దాకా చేయి పట్టుకుని తీసుకొచ్చింది అవ్వే. పాట మొదలవగానే ఆమె బయటికి, నేను ముందుకు. రొట్టె నోట్లో పెట్టుకుంటే నమలడానికి దవడ కదల్లేదు. నాకు ఆ రోజు ప్రభువు మీద కూడా కోపమొచ్చింది, చెప్పుకుంటే తప్పేముంది. బయటికి రాగానే అవ్వ అడిగింది.

"ఎట్లుండె?"

"ఉప్పు తక్కువైంది."

"గామెకెప్పుడు ఉప్పు తక్కువే" అని నవ్వింది. అవ్వ తర్వాత రొట్టె కాల్చే పని తీసుకున్న ఇల్లాలి గురించి ఆ మాట. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

అంతలో పార్టీ రెండుగా చీలింది. దాంతో మా దగ్గర యూనియన్ కూడా రెండయింది. ఒక బెంచీ మీద కూర్చుని ఒకే బీడీ పంచుకున్న మనుషులు ఎదురుపడితే మొహాలు తిప్పుకున్నారు. రెండు దిక్కులవాళ్లూ వచ్చి బాపును నువ్వెటు అని అడిగారు. "గంజి పోసిననాడు ఎటని అడిగినమార?" అన్నాడాయన. అది గొప్ప మాటే కావచ్చు, కానీ ఆ మాటతో ఆయన ఎటూ కాకుండా పోయాడు. ఇటువాళ్లు అటువాడన్నారు, అటువాళ్లు ఇటువాడన్నారు. మీటింగులకు కబురు రావడం ఆగిపోయింది. మేడే నాడు బాపు పొద్దున్నే ఉతికిన అంగీ తొడుక్కుని గుడిసె ముందు నిలబడ్డాడు. ఒక ఊరేగింపు పోయింది. దానికి పిడికిలెత్తాడు. కాసేపటికి రెండో ఊరేగింపు పోయింది. దానికీ పిడికిలెత్తాడు. పోయేవాళ్లు ఆయన్ను చూశారు, కొందరు తల కూడా ఊపారు. రమ్మని ఎవరూ అనలేదు. మధ్యాహ్నం దాకా ఆ అంగీ విప్పలేదు.

ఆ తర్వాతి మొదటి ఆదివారం, అవ్వ వేపచెట్టు కింద కూర్చుని ఉంటే, ఎన్నడూ ప్రార్థన గుడిసె ఛాయలకు రాని బాపు బీడీ పారేసి వచ్చాడు.

"ఏమే, ఈడ జర జాగ ఉన్నదా?"

"మస్తున్నది. కూసో బావా."

అప్పటి నుంచి ప్రతి నెలా వచ్చేవాడు. లోపల నేను బల్ల దగ్గర, బయట వాళ్లిద్దరూ. ఒకసారి "గా రొట్టె గంత మంచిగుంటదా?" అని ఆయన అడగడం కిటికీలోంచి నాకు వినబడింది. అవ్వ "రొట్టె గాదు బావా. అందరితోని కలిసి తినుడు" అంది.

పాత అయ్యగారు బదిలీ మీద పోయి, కరీంనగర్ నుంచి చిన్నవయసు పాస్టరు ఒకాయన సైకిలు మీద వచ్చాడు. వచ్చిన రెండో నెలలో కాబోలు, బల్ల పాట మొదలైంది, అవ్వ లేచి బయటికి పోయింది. ఆయన పాట ఆపించి, బల్ల వదిలి, వాకిలి దాటి వేపచెట్టు దగ్గరకు నడిచాడు. సంఘమంతా మెడలు సాచి చూసింది.

"అమ్మా, లోపలికి రండి."

"నేను తప్పయిందని అనలేదయ్యా."

"నేను అడగలేదమ్మా. రండి."

అవ్వ లేచింది. అంత కోరుకున్న మనిషి, అడుగు వేయకుండా బాపు వైపు చూసింది. బాపు తువ్వాలతో చెట్టు మొదలు దులుపుతూ "పో. ఇన్నేండ్ల సంది ఎదురు సూడవడ్తివి, ఇప్పుడు నా మొకమేం సూస్తవు?" అన్నాడు. ఆమె లోపలికి వచ్చింది. నా పక్కనే మోకాళ్లూనింది. రొట్టె తీసుకుని తిన్న తర్వాత ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. అంత సంతోషం నాకు నా పెళ్లినాడు కూడా కలగలేదు. తలెత్తి చూస్తే కిటికీ అవతల బాపు ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

ఇంటికి నడిచేటప్పుడు ఆయనే అన్నాడు. "నీ కోసం ఒకడు బయటికొచ్చిండు. మాదాంట్ల గట్ల వచ్చెటోడు లేకపాయె. ఒక్కడొచ్చి 'అన్నా, రాయే' అంటె సాలు, సెప్పులు గూడ తొడుక్కోకుంట ఉరుకుత."

రెండూ ఒకటేనా కాదా అన్న వాదన మా ఇంట్లో ఆ రోజుతో ముగిసింది. నన్నడిగితే ఇద్దరి ఆశా ఒకటే, ఇద్దరి బువ్వా ఒకటే. తలుపు వేయడం కూడా ఇద్దరికీ ఒక్క తీరే వచ్చు. బయట కూర్చున్నవాళ్లను పిలుచుకురావడం దగ్గరే నా పంచాయితీ అంతా. అవ్వ తరఫున ఒకరు వచ్చారు, బాపు తరఫున రాలేదు. ఇందులో సిద్ధాంతమేమీ లేదు. మా ఇంట్లో జరిగింది ఇది, అంతే.

బొగ్గు దుమ్ము బాపు ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. చివరి రోజుల్లో దగ్గుతూ గుడిసె ముందు మంచంలో ఉండేవాడు. వీధిలో ఎవరి చెప్పుల చప్పుడైనా వినిపిస్తే తల ఎత్తి చూసేవాడు. ఎవరి కోసమో మాకు తెలుసు.

ఆయన పోయిన పొద్దున రెండు యూనియన్లవాళ్లూ వచ్చారు, చేతిలో చెరొక ఎర్రజెండాతో. ఏ జెండా కప్పాలన్న దగ్గర మాటలు పెరిగాయి. శవం పక్కన కూర్చున్న అవ్వ తలెత్తి, "రెండు వద్దు. మనుషులుంటె మొయ్యుండ్రి" అంది. వాళ్లు జెండాలు పక్కన పెట్టి, ఇటు ఇద్దరు అటు ఇద్దరు పాడె ఎత్తారు. పాస్టరు వెనక నడిచాడు. మేమూ నడిచాం.

బాపు అన్నదమ్ములు బాప్తిస్మం తీసుకోనివాళ్లు. పాత ఆచారం తప్పకూడదని దారి మధ్యలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. పోయిన మనిషికి ఇంకా ప్రాణముందేమోనన్న ఆశతో చెవిలో పిలిచే చోటు అది. మా చిన్నాయన పిలిచాడు. పాస్టరు వద్దనలేదు, తల పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు పాడె మోసినవాళ్లలో ఒకాయన, సమ్మె బంతిలో బాపు వెంట నీళ్ల బిందె మోసినవాడు, చీలిక తర్వాత మా గడప తొక్కనివాడు, మోకాళ్ల మీద కూలబడి బాపు చెవి దగ్గర నోరు పెట్టాడు.

"అన్నా... లేవే. మీటింగుకు పోదాం రాయే."

అవతలి పక్షం మనిషి ఇంకొకాయన కూడా వంగి అదే మాట అన్నాడు. పొద్దుటి నుంచి కన్నీటి చుక్క రాల్చని అవ్వ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది.

"గీ మాట కోసం ఎన్నేండ్లు సూసిండో మీకెరుకనా?" అంది. "ఇంకోపారి పిలువుండ్రి. జర గట్టిగ పిలువుండ్రి."